ఎవలి బిడ్డవు అని అడుగుతారు

చిరంజీవి మేనకోడలికి,

పంచాయతీ కార్యదర్శిగా పోస్టింగ్ ఆర్డర్ చేతికొచ్చిందని అక్క ఫోన్‌లో చెప్పింది. ఇంటి పన్ను డిమాండు, జనన మరణాల రిజిస్టరు, గ్రామసభ తీర్మానాలు, ఇవన్నీ శిక్షణలో నేర్పుతారు. శిక్షణలో చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి ఫోన్‌లో తెమిలేవి కావని ఈ ఉత్తరం.

ఊళ్లో బస్సు దిగిన కొత్త మనిషిని మొదట అడిగేది "ఏ ఊరు బిడ్డా?" అని. వెంటనే "ఎవలి బిడ్డవు?" అంటారు. ఈ రెండింటికీ జవాబు దొరికితే గానీ ఏం పనిమీద వచ్చిందో అడగరు. కొత్త ఉద్యోగుల్లో చాలామంది ఇక్కడే ముడుచుకుపోతారు, కులం ఆరా తీస్తున్నారని కొందరికి కోపం కూడా వస్తుంది. ఆరా తీయడం నిజమే, అందులో దాపరికం ఏమీ లేదు. కానీ అదొక్కటే కాదు. ఈ మనిషిని ఏ పీట మీద కూర్చోబెట్టాలి, ఏమని పిలవాలి, ఈమెను ఏం అడగవచ్చు, ఏం అడగకూడదు అని ఊరు అప్పుడే లెక్క వేసుకుంటుంది. ప్రభుత్వం ఇచ్చే కుర్చీ ఒకటే. ఊరు ఇచ్చే పీటలు మాత్రం నాలుగైదు ఉంటాయి. ఎవరు ఎప్పుడు ఏ పీటకేసి చూసి మాట్లాడుతున్నారో పసిగట్టడమే ఈ ఉద్యోగంలో సగం పని.

ముందు ఆ కుర్చీ సంగతి. నలభై ఏళ్ల కిందటి దాకా తెలంగాణ పల్లెల్లో లెక్కలు పట్వారీ చేతిలో ఉండేవి. శిస్తు వసూలు మాలీ పటేల్ చూసేవాడు, దొంగతనాలూ కొట్లాటలూ పోలీస్ పటేల్ చూసేవాడు. ముగ్గురివీ వతన్లే, తండ్రి పోతే కొడుక్కి వచ్చేవి. చదువు రాకున్నా, ఊళ్లో లేకున్నా హక్కు ఆ ఇంటిదే. పని మాత్రం గుమాస్తా చేసిపెట్టేవాడు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో ఈ వతన్లనూ, ఆంధ్రాలోని కరణాలు మునసబులనూ రద్దు చేసింది. రాల్ఫ్ లింటన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1936లో 'ద స్టడీ ఆఫ్ మ్యాన్' అనే పుస్తకం రాశాడు. పుట్టుకతో అంటుకొచ్చే హోదా వేరు, మనిషి సాధించుకునే హోదా వేరు అని అందులో విడదీసి చెప్పాడు. ఆ తేడా ఏమిటో వివరించడానికి పట్వారీ కచేరీనీ ఇవాళ్టి పంచాయతీ ఆఫీసునూ పక్కపక్కన పెడితే చాలు. ఒకరిది తాత ఇచ్చిన లెక్కల బస్తా, ఇంకొకరిది పోటీ పరీక్ష రాసి తెచ్చుకున్న ఆర్డరు.

అయితే కాగితం మారినంత తొందరగా ఒళ్లు మారదు. ఇప్పటికీ కొందరు ముసలివాళ్లు ఆఫీసు గడప దగ్గర చెప్పులు విడిచి, కండువా భుజం మీంచి తీసి చంకలో పెట్టుకొని నిలబడతారు. అది కార్యదర్శికి ఇస్తున్న గౌరవం కాదు, ఆ కుర్చీలో మునుపు కూర్చున్నవాడి మీది భయం. అది తనకే అనుకొని మురిసిపోయిన ఉద్యోగి ఆర్నెల్లలో చెడిపోతాడు. వాళ్లకు ముందు కుర్చీ చూపించు, తర్వాత పని అడుగు.

ఊరు మనిషిని ఎలా తూకం వేస్తుందో మన దగ్గరే కూర్చొని రాసిన పుస్తకం ఒకటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్.సి. దూబే 1950ల మొదట్లో షామీర్‌పేటను పరిశీలించి 1955లో 'ఇండియన్ విలేజ్' ప్రచురించారు. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు దాటగానే వచ్చే షామీర్‌పేటే, అప్పటికి అచ్చమైన పల్లె. అక్కడ మనిషి స్థాయిని తేల్చేవి ఆరని ఆయన లెక్కగట్టారు: మతమూ కులమూ, భూమి, డబ్బు, సర్కారు కొలువులోనో గ్రామ వ్యవస్థలోనో ఉన్న పదవి, వయసు, చివరికి ఆ మనిషి సొంత గుణం.

ఈ లెక్కలో కొత్త కార్యదర్శిని పెట్టి చూడు. పదవి ఉంది. ఆ ఊళ్లో గుంట భూమి లేదు, చెప్పుకోదగ్గ డబ్బు లేదు, వయసు ఇరవై నాలుగు. కులం ఎక్కువైనా తక్కువైనా తన చేతిలో లేదు. ఇక మిగిలింది గుణం. ఆ ఒక్కటే రోజూ కాస్త కాస్త కూడబెట్టుకునే వీలున్నది. ఫలానా సెక్రటరీ సర్టిఫికెట్‌కు తిప్పించుకోదు, ఫలానా సెక్రటరీ ఒకరికి చెప్పింది ఇంకొకరికి మార్చి చెప్పదు అనే పేరు పడితే, దాని బరువు భూమి కాగితం కన్నా తక్కువేమీ కాదు. డెబ్బై ఏళ్లలో ఊళ్లు ఎంతో మారాయి గానీ ఆ ఆరింటిలో ఒక్కటి కూడా జాబితాలోంచి రాలిపోలేదు.

పిలుపుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన ఊళ్లలో కులాలు వేరైనా వరుసలు పెట్టి పిలుచుకుంటారు. రెడ్డి పిల్లవాడు గౌడ్‌ను మామ అంటాడు, సాలె ఇంటి కోడలు మంగలి ఇంటి ఆవిడను వదినె అంటుంది. నెత్తురు సంబంధం ఏమీ లేదు, అయినా ఆ వరుసకు తగ్గ హక్కులు మాత్రం వస్తాయి. మామ వరుస, బావ వరుస, వదినె వరుసల్లో ఎగతాళికి చోటుంది. అన్న, చిన్నాయన, పెద్దవ్వ వరుసల్లో లేదు. అందుకే ఒంటరిగా ఉద్యోగానికి వచ్చిన ఆడపిల్ల ఎవరినైనా 'అన్నా' అని ముందే పిలిచేస్తే సగం గొడవలు గడప బయటే ఆగిపోతాయి. అవతలివాడు మాట జారే చోటు ఉండదు. ఇది మీ అమ్మమ్మ కాలం కిటుకే, ఇప్పటికీ పనిచేస్తోంది.

కానీ ఈ వరుసలన్నీ దళితవాడల దగ్గర ఆగిపోయేవి, కొన్నిచోట్ల ఇప్పటికీ ఆగిపోతాయి. పన్నెండేళ్ల పిల్లగాడు అరవై ఏళ్ల దళితుణ్ణి పేరు పెట్టి 'అరేయ్' అనడం ఈ మామయ్య తరం వాళ్లంతా కళ్లారా చూసినదే. తప్పనిపించినవాళ్లు కూడా నోరు మెదపలేదు. పంచాయతీలో రోజూ పొద్దున్నే మోరీలు తీసేది, ట్రాక్టరు మీద చెత్త ఎత్తేది ఎక్కువగా ఆ వాడలవాళ్లే. సెక్రటరీ వాళ్లను ఏమని పిలుస్తుందో ఊరంతా చెవులు రిక్కించి వింటుంది. వయసులో పెద్దవాడైతే 'తాతా' అను, లేదా పేరు పక్కన 'గారు' చేర్చు. ఒకరిద్దరు నవ్వుతారు. నవ్వనీ.

ఇక సర్పంచ్. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పుడు ఆడవాళ్లకు కనీసం మూడో వంతు సీట్లు అన్నారు. ఇప్పుడు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ సగం. అంటే ఏ కార్యదర్శికైనా మహిళా సర్పంచ్‌తో పనిచేసే అవకాశం సగానికి సగం ఉంటుంది. చాలా ఊళ్లలో ఆమె సంతకం పెడుతుంది, ఆమె భర్త తెల్లచొక్కా వేసుకొని కుర్చీలో కూర్చుంటాడు, జనం అతణ్ణే 'సర్పంచ్ సాబ్' అంటారు. పదవి ఒకరిది, పెత్తనం ఇంకొకరిది. కొత్త ఉద్యోగులు ఇక్కడ రెండు రకాల పొరపాట్లు చేస్తారు. కొందరు సుఖం కోసం ఫైళ్లన్నీ ఆయన చేతికే ఇచ్చేస్తారు. కొందరు మొదటి రోజే చట్టం చదివి వినిపించి పదిమందిలో అతని పరువు తీస్తారు. మొదటిది తప్పు, రెండోది తెలివితక్కువ. ఆయన వస్తే మర్యాదగా సందర్శకుల కుర్చీ చూపించి చాయ్ తెప్పించాలి. ఫైలు మాత్రం ఆమె ముందే తెరవాలి, అందులో ఏముందో ఆమెకే చదివి చెప్పాలి, 'సర్పంచ్ గారూ' అని ఆమెనే పిలవాలి. పొదుపు సంఘంలో లెక్కలు చూసిన మహిళ అయితే నాలుగు మీటింగుల్లోనే ప్రశ్నలు మొదలుపెడుతుంది. ఆమె అడిగిన ప్రశ్నను మినిట్స్‌లో రాయి.

అసలు ఇరకాటం మార్చి నెలలో వస్తుంది. ముప్పై ఒకటి లోపు పన్ను పూర్తిగా వసూలు కావాలని మండల పంచాయతీ అధికారి వెంటపడతాడు. ఓట్లేసినవాళ్ల ఇళ్ల మీదికి పోవద్దు, నెమ్మదిగా చూద్దామని సర్పంచ్ అంటారు. మీ అన్నలాంటివాణ్ణి, కొంచెం చూడమని ఎదురింటాయన అంటాడు. ముగ్గురూ మాట్లాడేది ఒకే మనిషితో. రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1957లో దీని గురించే ఒక వ్యాసం రాశాడు. ఒక్క పదవి అంటే ఒక్క పాత్ర కాదనీ, దాని చుట్టూ రకరకాల మనుషులు, రకరకాల ఆశలతో ఉంటారనీ చెప్పాడు. బడిపంతులికి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, హెడ్‌మాస్టరు, తోటి పంతుళ్లు ఉన్నట్టు. ఆ వ్యాసంలో నీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఇద్దరి కోరికలూ ఒకదానికొకటి పొసగనప్పుడు మధ్యలో ఉన్నవాడు రెండింటినీ కడుపులో దాచుకుంటే నలిగిపోతాడు. ఆ సంగతి ఇద్దరికీ కనబడేలా చేస్తే తగువు వాళ్లిద్దరి మధ్యకు పోతుంది.

ఆచరణలో ఇది చాలా మామూలు పని. మండలం నుంచి వచ్చిన ఉత్తరాన్ని పంచాయతీ సమావేశంలో పైకి చదవాలి. సభ్యులు ఏమన్నారో రాయాలి. దాని కాపీ మండలానికి పంపాలి. అంతే. గుట్టుగా ఇటు ఒక మాట, అటు ఒక మాట చెప్పి ఇద్దరినీ మంచి చేసుకుందామని చూసిన కార్యదర్శికే చివరకు మెమో వస్తుంది. మెర్టన్ ఇంకో దారి కూడా చెప్పాడు, అదే పదవిలో ఉన్న తోటివాళ్ల అండ. నీతోపాటు శిక్షణ పొందిన బ్యాచ్ అందుకే ఉంది. వాళ్లతో పోటీ పెట్టుకోకు.

బ్యాచ్ మాట వచ్చింది కాబట్టి, పరిచయాల గురించి. కష్టంలో ఆదుకునేది అయినవాళ్లేనని మన ఇళ్లలో అందరూ నమ్ముతారు. జ్వరం వస్తే, చావు జరిగితే అది నిజం. కానీ కొత్త కబురు, కొత్త అవకాశం తెచ్చేది వేరేవాళ్లు. మార్క్ గ్రానోవెటర్ అనే పరిశోధకుడు బోస్టన్ పక్కన న్యూటన్ అనే పట్టణంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను పట్టుకొని, ఆ మాట చెప్పిన మనిషిని అంతకుముందు ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. వారానికి రెండుసార్లో ఇంకా ఎక్కువో కలిసేవాళ్ల ద్వారా దొరికింది 16.7 శాతం మందికే. ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్ల ద్వారా 55.6 శాతం మందికి, ఏడాదికి ఒకసారో అంతకన్నా తక్కువో కలిసేవాళ్ల ద్వారా 27.8 శాతం మందికి దొరికింది. 1973లో అచ్చయిన వ్యాసం ఇది. కారణం సులువు. మన ఇంట్లోవాళ్లకూ ప్రాణస్నేహితులకూ తెలిసింది మనకు ముందే తెలిసి ఉంటుంది. దూరపు పరిచయస్తుడు మసిలేది వేరే మనుషుల మధ్య.

ఊళ్లో ఆ దూరపు పరిచయాలు ఎవరంటే ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు, పోస్టుమాస్టరు, మీసేవ నడిపే అబ్బాయి, పొద్దుటి బస్సు కండక్టరు. ఏ ఇంట్లో కాన్పు అయ్యింది, ఏ బోరు ఎండింది, దుబాయి నుంచి ఎవరు తిరిగొచ్చారు అన్నవి ఫైలు కన్నా ముందు వీళ్లకు తెలుస్తాయి. రోజూ గంటలు గంటలు మాట్లాడక్కర్లేదు. కనబడినప్పుడు ఆగి పలకరించి, వాళ్ల పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. పక్క మండలంలో ఉన్న బ్యాచ్‌మేట్లకు పండగ మెసేజ్ కాకుండా అప్పుడప్పుడూ ఫోనే చెయ్.

చివరగా, వరుస కలిపినవాళ్లు తెచ్చే బాకీలు. పెళ్లికి పిలుస్తారు, వెళ్లు, తిను. ఎవరెంత చదివించారో ఆ ఇంటి నోటుబుక్కులో ఉంటుంది, రేపు తిరిగి అంతే పెట్టాలని ఎదురుచూపు కూడా ఉంటుంది. నువ్వు పెట్టేది కొద్దిగా, అందరికీ ఒకేలా పెట్టు. నీకు వచ్చే కానుకలకు 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు అడ్డున్నాయి, ఆ మాట నవ్వుతూ చెప్పి వెనక్కిచ్చెయ్.

దీనికన్నా గట్టిది జమానత్, అంటే పూచీ సంతకం. ఉద్యోగం పర్మినెంట్ అయిన మర్నాటి నుంచి చిట్టీ ఎత్తుకున్నవాళ్లు, లోన్ తీసుకునేవాళ్లు వస్తారు. సర్కారు జీతం ఉన్నవాళ్ల సంతకమంటే చిట్‌ఫండ్ కంపెనీలకు ప్రాణం, జీతంలోంచి పట్టుకోవచ్చు కాబట్టి. "చెల్లెలివి కదా, ఒక్క సంతకం" అంటారు. అడిగేది చెల్లెలి పీటను చూసి, కావలసింది మాత్రం ఉద్యోగి శాలరీ సర్టిఫికెట్. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే ఏదీ రాసుకోకపోతే, పూచీ ఉన్నవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అతను కట్టకపోతే ముందు అతణ్ణే పట్టుకొమ్మని అనడానికి కూడా లేదు. ఈ మాట సంతకం అడిగేవాళ్లు చెప్పరు, ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా ఇంట్లో పెద్దవాళ్లను అడగనిదే పెట్టను అని చెప్పి, అలా కాగితం పట్టుకొచ్చినవాళ్లకు మామయ్య నంబరు ఇయ్యి.

ఇట్లు,
మీ మామయ్య