అఫిలియేట్ మార్కెటింగ్: కొత్తవారికి కావలసిన పనిముట్లు

క్రిందటి సంవత్సరం మా హాస్టల్లో ఒక మిత్రుడు, మెస్ బిల్లు కోసమని ఇంటి నుంచి వచ్చిన డబ్బులో 6,000 రూపాయలు తీసి, ఒక అఫిలియేట్ మార్కెటింగ్ కోర్సుకు కట్టాడు. తీరా చేరిన తర్వాత ఆ కోర్సులో చెప్పిందేమిటయ్యా అంటే, నీ స్నేహితుల చేత కూడా ఇదే కోర్సు కొనిపించు, నీకు కమీషన్ వస్తుంది అని! పాపం రెండు నెలలు అందరి వెంటా తిరిగాడు. ఒక్కడూ చేరలేదు. మెస్ బిల్లు మేము నలుగురం తలా కొంత వేసుకుని కట్టాం. డబ్బు సంగతి అలా ఉంచితే, అఫిలియేట్ మార్కెటింగ్ అంటేనే మోసం అన్న అభిప్రాయం మా వింగులో అందరికీ స్థిరపడిపోయింది.

కామర్సు విద్యార్థిగా నాకు ఈ అభిప్రాయం సబబుగా తోచలేదు. అసలు ఆ వ్యాపారం ఎట్లా నడుస్తుంది, కొత్తగా మొదలుపెట్టేవాడికి ఏ పనిముట్లు నిజంగా అవసరం, ఏవి అనవసరం అన్నది కొంత శ్రద్ధగా చూశాను. తెలుసుకున్నది తోటి విద్యార్థులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

అసలు ఇదేమిటి?

పేరు కొత్తదే గాని పని పాతదే. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు ఉంటాడు. సరుకు అతనిది కాదు, రైతుది. కొనేవాడికి చూపించి, అమ్మకం జరిపించి, తన కమీషన్ తాను తీసుకుంటాడు. మన ఊళ్ళలో ఇన్సూరెన్స్ ఏజెంటు చేసేదీ ఇదే. ఇంటర్నెట్‌లో ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది అమెజాన్ కంపెనీ. 1996లో అది తన అసోసియేట్స్ పథకాన్ని మొదలుపెట్టింది. ఎవరైనా తమ వెబ్‌సైటులో ఒక పుస్తకం గురించి రాసి అమెజాన్ లింకు ఇస్తే, ఆ లింకు మీద నొక్కి వెళ్ళినవారు కొన్నదాంట్లో కొంత భాగం రాసినవారికి ఇచ్చేది.

కాబట్టి ఇందులో ఉన్నది మూడు పక్షాలు: అమ్మే కంపెనీ, చెప్పే మనం, కొనే చదువరి. మనకు డబ్బు ఇచ్చేది కంపెనీ. అదీ సరుకు అమ్ముడుపోతేనే. అసోసియేట్స్ వంటి పథకాలలో చేరడానికి మనం ఎవరికీ పైసా కట్టనక్కరలేదు. చేరడానికే డబ్బు అడిగి, ఇంకొకరిని చేర్పిస్తే వాటా ఇస్తామంటే అది వేరే సంగతి. మనుషుల్ని చేర్పించడం మీదనే డబ్బు తిప్పే గొలుసుకట్టు పథకాలను మన దేశంలో 1978లోనే చట్టం నిషేధించింది. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు కూడా పిరమిడ్ పథకాలు నడపరాదని స్పష్టంగా చెప్పాయి. ఈ తేడా తెలిసి ఉంటే మా మిత్రుడి 6,000 మిగిలేవి.

మొదటి పనిముట్టు: తెలిసిన వస్తువు

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అని మనవాళ్ళు అంటారు. ఇక్కడ అది పనికిరాదు. కంపెనీ పేరు అందరికీ తెలిసిందే. చదువరి మన దగ్గరికి వచ్చేది ఆ వస్తువు వాడినవాడి మాట వినడానికి. కనుక మనం వాడిన వస్తువు గురించే మొదలుపెట్టాలి. హాస్టల్ విద్యార్థికి ఎలక్ట్రిక్ కెటిల్, టేబుల్ లైటు, సైంటిఫిక్ కాలిక్యులేటరు గురించి తెలిసినంత ఎవరికి తెలుసు? ఏ కాలిక్యులేటరు పరీక్ష హాల్లోకి రానిస్తారు, ఏ కెటిల్ మూత నెలకే ఊడిపోతుంది అన్నది మనమే చెప్పగలం.

జనం ఏమి వెతుకుతున్నారో తెలుసుకోవడానికి గూగుల్ ట్రెండ్స్ అనేది ఉచితంగా దొరుకుతుంది. ఒక మాటను ఏయే నెలల్లో, ఏయే రాష్ట్రాలలో ఎక్కువ వెతికారో గీతలతో చూపిస్తుంది. దానికంటే ముందు, ఒక నోటుపుస్తకం తీసుకుని, జూనియర్లు మనల్ని అడిగే ప్రశ్నలు వాళ్ళు అడిగిన మాటల్లోనే రాసుకోవడం మంచిది. ఆ ప్రశ్నలే మన వ్యాసాలకు శీర్షికలవుతాయి.

రెండవది: రాసుకోవడానికి చోటు

గూగుల్ వారి బ్లాగర్‌లో ఖర్చు లేకుండా పేజీ తెరవవచ్చు. వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేరు. అయితే దాన్ని స్వంతంగా నడుపుకోవాలంటే ఉంచడానికి చోటు అద్దెకు తీసుకోవాలి, పేరు ఏటేటా కొనుక్కోవాలి. మొదటి ఆరు నెలలు ఉచితమైనది చాలు. యూట్యూబ్ గాని, ఇన్‌స్టాగ్రామ్ గాని వద్దనను. కాని అక్కడ మనం అద్దెకున్నవాళ్ళం. ఇంటివాడు నియమం మార్చితే మనం సర్దుకోవాలి. వివరంగా రాసింది ఒక పేజీలో ఉంటే, మిగతా చోట్ల నుంచి అక్కడికి దారి చూపవచ్చు.

మూడవది: గుర్తుపట్టే లింకు

కొన్నవాడు మన ద్వారా వచ్చాడని కంపెనీకి ఎట్లా తెలుస్తుంది? పథకంలో చేరగానే మనకొక గుర్తు ఇస్తారు. అది మన లింకులో కలిసి ఉంటుంది. చదువరి ఆ లింకు నొక్కినప్పుడు అతని బ్రౌజరులో ఒక చిన్న చీటీ పడుతుంది. దీన్నే కుకీ అంటారు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మోంటుల్లి అనే ఆయన తయారుచేసిన ఉపాయమిది. ఆ చీటీకి గడువు ఉంటుంది. అమెజాన్‌లో అది 24 గంటలు. ఈ రోజు మన లింకు నొక్కి, ఏమీ బుట్టలో వేయకుండా వెళ్ళిపోయి, వారం తర్వాత తనంతట తాను వెళ్ళి కొంటే మనకు ఏమీ రాదు. వేరే ఫోన్‌లో తెరిచి కొన్నా చీటీ దొరక్కపోవచ్చు.

ఇక్కడ కొత్తవారు చేసే పొరపాటు ఒకటుంది. అన్నిచోట్లా ఒకే గుర్తు పెడతారు. అమెజాన్‌లో ఒకే ఖాతాకు వేర్వేరు గుర్తులు తీసుకోవచ్చు. బ్లాగుకు ఒకటి, వీడియోలకు ఒకటి పెట్టుకుంటే అమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో తేలుతుంది. ఇంకొక సంగతి: చేరిన 180 రోజులలోగా కనీసం మూడు అమ్మకాలు జరగకపోతే ఆ ఖాతా మూసేస్తారు. మన లింకుతో మనమే కొనుక్కుంటే లెక్కలోకి రాదు. కనుక కాస్త రాసి, చదివేవారు ఏర్పడిన తర్వాత చేరడమే తెలివైన పని.

నాలుగవది: లెక్క పుస్తకం

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. గూగుల్ సెర్చ్ కన్సోల్ మన పేజీ ఏ మాటలకు వెతుకులాటలో కనబడింది, ఎంతమంది నొక్కారు అన్నది చెబుతుంది. గూగుల్ అనలిటిక్స్ వచ్చినవారు ఏ పేజీ చూశారో, ఎక్కడి నుంచి వచ్చారో చెబుతుంది. రెండూ ఉచితమే. ఈ అంకెలన్నీ వారానికొకసారి ఒక స్ప్రెడ్‌షీటులోకి ఎక్కించుకోవాలి. తేదీ, పేజీ, చూసినవారు, లింకు నొక్కినవారు, కొన్నవారు, వచ్చిన కమీషన్ — ఈ ఆరు గడులు చాలు.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. కెటిల్ ధర 1,000 రూపాయలు, కమీషన్ 5 శాతం అనుకుందాం. అంటే అమ్మకానికి 50 రూపాయలు. పేజీని 1,000 మంది చూసి, 40 మంది లింకు నొక్కి, ఇద్దరు కొన్నారనుకుందాం. వచ్చింది 100 రూపాయలు. అంటే ఒక్కొక్క నొక్కుడుకు రెండున్నర రూపాయలు. ఇప్పుడు ఎవరో వచ్చి, నెలకు 2,000 రూపాయల అద్దెతో ఈ సాఫ్ట్‌వేరు తీసుకో, నీ వ్యాపారం పెరుగుతుంది అన్నారనుకోండి. ఆ అద్దె రావడానికే నెలకు 40 కెటిళ్ళు అమ్ముడుపోవాలి! ఇదే లెక్కన అందుకు పేజీని 20,000 మంది చూడాలి. ఈ లెక్క ముందు వేసుకున్నవాడు ఆ సాఫ్ట్‌వేరు కొనడు. పనిముట్టు తన ఖర్చు తాను సంపాదించుకోగలిగిన రోజున కొనుక్కోవచ్చు.

కొన్నవారు సరుకు వెనక్కి పంపితే కమీషన్ కూడా వెనక్కి పోతుంది. కనుక స్క్రీను మీద కనబడిన మొత్తాన్ని చేతికొచ్చిన డబ్బుగా రాసుకోకూడదు.

ఐదవది: నిజం చెప్పే ఒక వాక్యం

"ఈ లింకు ద్వారా మీరు కొంటే నాకు కొంత కమీషన్ వస్తుంది." ఈ వాక్యం పేజీ మొదట్లోనే, తెలుగులో, అందరికీ కనబడేటట్లు ఉండాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, నియమం కూడా. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లూయెన్సర్లకు మార్గదర్శకాలు ఇచ్చాయి. కంపెనీతో డబ్బు సంబంధం ఉంటే స్పష్టంగా చెప్పాలన్నది వాటి సారాంశం. తప్పుదారి పట్టించే ప్రకటనలకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం వినియోగదారుల రక్షణ అథారిటీకి ఉంది.

చెబితే ఎవరూ కొనరేమో అని కొందరి భయం. కాని ఆలోచించండి. కెటిల్ బాగుందని రాసి, దాని తీగ పొట్టిదని కూడా రాసి, నాకు కమీషన్ వస్తుందని కూడా చెప్పినవాడి మాటనే నమ్ముతాం. అన్నీ దాచి పొగిడినవాడి సంగతి ఎప్పుడో ఒకప్పుడు బయటపడక మానదు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు.

ఆరవది: కాగితాలు

పాన్ కార్డు, స్వంత పేరు మీద బ్యాంకు ఖాతా కావాలి. కమీషన్ మీద కంపెనీ ముందుగానే ఆదాయపు పన్ను కోసుకుంటుంది. 2024 అక్టోబరు 1 నుంచి ఈ కోత 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. పాన్ ఇవ్వకపోతే కోత చాలా ఎక్కువ. కోసిన పన్ను ఎక్కడికీ పోదు. మన మొత్తం ఆదాయం పన్ను కట్టవలసినంత లేకపోతే, రిటర్ను దాఖలు చేసి తిరిగి తీసుకోవచ్చు. చాలామంది విద్యార్థులు ఈ పని చేయక ఆ డబ్బు వదిలేసుకుంటారు.

ముగింపు

ఇప్పుడు లెక్క చూడండి. తెలిసిన వస్తువు, ఒక నోటుపుస్తకం, ఉచితంగా వచ్చే పేజీ, గుర్తున్న లింకు, వారం వారం రాసే లెక్క, నిజం చెప్పే వాక్యం, పాన్ కార్డు. వీటిలో వేలకు వేలు పోసి కొనవలసింది ఒక్కటీ లేదు. కొనమని మన వెంటపడేవారు వేరే చాలామంది ఉన్నారు. వారికి మనమే సరుకు అన్న సంగతి మరువరాదు.

మా మిత్రుడు ఈ ఏడు మళ్ళీ మొదలుపెట్టాడు. హాస్టల్‌కు కొత్తగా వచ్చేవారు ఏవేవి కొనుక్కోవాలి, ఏవి కొననక్కరలేదు అన్న దాని మీద ఒక పేజీ నడుపుతున్నాడు. మూడు నెలలకు అతని లెక్కలో చేరింది 212 రూపాయలు. పోయిన 6,000 ఇంకా చాలా దూరంలో ఉంది. అయితే ఈ 212లో ప్రతి రూపాయీ ఏ పేజీ నుంచి, ఏ లింకు వల్ల వచ్చిందో అడిగిన వెంటనే పుస్తకం తీసి చూపిస్తాడు. పోయిన 6,000 ఎవరి జేబులోకి వెళ్ళిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేడు. కొత్తగా మొదలుపెట్టదలచిన మిత్రులు ఈ తేడాను ముందే గ్రహిస్తారని ఆశిస్తున్నాను.