భేతాళుని హితబోధ

రిచర్డ్ బర్టన్ అను ఆంగ్లేయుడు 1870లో భేతాళ కథలను తన భాషలో వెలువరించుచు భేతాళుని ‘వాంపైర్’ అని పేర్కొనెను. వాంపైర్ నెత్తురు త్రాగు ప్రేతము. సోమదేవుని కథాసరిత్సాగరములోని భేతాళుడన్ననో శవము నావేశించి ధర్మసందేహముల నడుగువాడు.

గోదావరీ తీరమందలి ప్రతిష్ఠానపు రాజు త్రివిక్రమసేనుడు క్షాంతిశీలుడను భిక్షువు కోరికపై ఆ శవమును భుజమున మోసెను. తెలిసిన ప్రశ్నలకెల్ల ఉత్తర మొసగెను. కడపటిదానికి తెలియక మౌనము వహించెను. భేతాళుడు మెచ్చి, ఆ భిక్షువు రాజునే బలి యీయ దలచినాడని హెచ్చరించి, తప్పించుకొను ఉపాయమును తెలిపెను.

నిత్యము ఫలములొసగి వినయము నటించినవాడు హంతకుడు, భయంకరాకారుడు హితుడు. క్షాంతిశీలుడనగా ఓర్పే స్వభావముగా గలవాడని అర్థము! పేరును, వేషమును గాక నడతను జూచియే మనుష్యుని ఎరుగవలెను.