అక్వేరియంలో లక్కీ బాంబూ: మీ హక్కులు, నియమాలు

ఇంట్లో లక్కీ బాంబూ పెంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొనేటప్పుడు, దేశం దాటించేటప్పుడు, నీళ్లలో దోమలు పెరిగినప్పుడు, తొట్టెలోని చేపల్ని వదిలించుకునేటప్పుడే చట్టం మాట వస్తుంది. పాఠకులు తరచూ అడిగే ప్రశ్నలివి.

ప్ర: మొక్కను పూర్తిగా నీళ్లలో ముంచి ఉంచవచ్చా?

వద్దు. ఇది మధ్య ఆఫ్రికాకు చెందిన డ్రసీనా జాతి మొక్క. వేళ్లు ఎంతకాలమైనా నీళ్లలో ఉండగలవు గానీ ఆకులకు గాలి కావాలి. ముంచేసిన మొక్క కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుంది, ఆ తర్వాత కుళ్లడం మొదలవుతుంది. అనుమానం వస్తే కాడను చేతి వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఆకులు పైకి వచ్చేలా లేపి కడితే చాలు. మెత్తగా, జిగటగా ఉంటే వెంటనే తీసి పారేయండి. ఆ కుళ్లు వల్ల నీళ్లలో అమ్మోనియా పెరిగి చేపలకు ముప్పు.

ప్ర: ఆకులు పసుపెక్కుతున్నాయి. ఎరువు వేయాలా?

అక్కర్లేదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే నైట్రేటే దానికి ఎరువు. రాగి కలిసిన ద్రవ ఎరువులు పోస్తే తొట్టెలోని రొయ్యలు చచ్చిపోతాయి. పసుపెక్కడానికి మామూలు కారణాలు రెండు: నేరుగా తగిలే ఎండ, కుళాయి నీళ్లలోని క్లోరిన్. తొట్టెను కిటికీకి దూరంగా జరపండి. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాకే తొట్టెలో పోయండి.

ప్ర: ‘నీళ్లలో మునిగి పెరిగే మొక్క’ అని అమ్మారు, కుళ్లిపోయింది. డబ్బు అడగవచ్చా?

అడగవచ్చు. సరుకు గురించి తప్పు చెప్పి అమ్మడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వాలి. మీరు ఎండలో పెట్టి చంపుకున్న మొక్కకు మాత్రం ఇది వర్తించదు. కొన్న రోజు ఫొటో, బిల్లు దాచుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే, ఫిర్యాదు అందినట్టు ఆ సంస్థ 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అప్పటికీ తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

ప్ర: విదేశాల నుంచి వస్తూ సూట్‌కేసులో తెచ్చుకోవచ్చా?

ఊరికే తేకూడదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం మొక్కలకు దిగుమతి పర్మిట్, బయల్దేరిన దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఈ జాగ్రత్త ఎందుకో చెప్పడానికి లక్కీ బాంబూ కథే చాలు: 2001లో చైనా నుంచి లాస్ ఏంజెలెస్‌కు నీళ్లలో పెట్టి పంపిన ఈ మొక్కలతో పాటే ఏషియన్ టైగర్ దోమలూ దిగాయి.

ప్ర: దోమల తనిఖీకి వచ్చిన మున్సిపల్ సిబ్బంది అక్వేరియం తీసేయమంటారా?

చేపలున్న తొట్టెతో మామూలుగా పేచీ ఉండదు, గప్పీ లాంటి చేపలు దోమల లార్వాను తినేస్తాయి. చిక్కంతా టీవీ పక్కన గాజు సీసాలో పెట్టిన మొక్కతోనే. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం, పది రోజులు చాలు. వారానికోసారి నీళ్లు పారబోయండి. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి సీసా లోపల బ్రష్‌తో రుద్దాలి. నిల్వ నీళ్లు తొలగించమని నోటీసు ఇచ్చే అధికారం మున్సిపాలిటీకి ఉంది.

ప్ర: అదే తొట్టెలో నక్షత్ర తాబేలు, అరోవానా చేప పెంచవచ్చా?

నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా అది నేల మీద బతికేది, నీళ్లలో మునిగి చస్తుంది. ఏషియన్ అరోవానా ఉంటే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

ప్ర: తొట్టె ఎత్తేస్తున్నాం. చేపల్ని చెరువులో వదలొచ్చా?

వదలకండి. పాచి తింటుందని అక్వేరియాల కోసం తెచ్చిన సక్కర్ చేప ఇప్పుడు కృష్ణా, గోదావరిల్లో చేరి మత్స్యకారుల వలలు చింపుతోంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో ఇలాంటి పరాయి జాతుల్ని నియంత్రించే అధికారం కేంద్రానికి వచ్చింది. చేపల్ని దుకాణానికి తిరిగివ్వండి, లేదా పెంచుకునేవాళ్లకు ఇవ్వండి. మొక్కకు ఆ బెంగ లేదు, కుండీలో మట్టి వేసి నాటినా బతుకుతుంది.