పశుబీమా రేటు పెరిగినప్పుడు సంఘము అడుగవలసిన లెక్క

సభ్య సంఘముల కార్యదర్శులు మమ్ము తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. పాడి పశువుల గ్రూపు పాలసీ గడువు ముగిసే నెలలో కంపెనీ బ్రాంచి నుండి ఉత్తరము వస్తుంది. నిరుడు నూటికి మూడు రూపాయలున్న ప్రీమియం ఈ ఏడు నాలుగో అయిదో అయినదని అందులో ఉంటుంది. ఈ రేటు ఎవరు పెంచినారు, పెంచేటప్పుడు ప్రభుత్వము తరఫున ఎవరైనా చూచినారా, మనము కాదనవచ్చునా అని కార్యదర్శుల సందేహము. పాలకవర్గములు సాధారణముగా తీర్మానము వ్రాసి డబ్బు కట్టివేయుచున్నవి. కట్టే ముందు తెలిసికొనవలసినది కొంత ఉన్నది.

ముందు రేటు ఎట్లు పుట్టునో చూతము. ఇది మేము వేసిన ఊహా లెక్క. ఒక సంఘములో 200 పశువులు, ఒక్కొక్కదాని విలువ 40,000 రూపాయలు అనుకొనుడు. మొత్తము బీమా విలువ 80 లక్షలు. నూటికి మూడు చొప్పున ఏడాది ప్రీమియం 2,40,000. మొదటి ఏడు 3 పశువులు, రెండవ ఏడు 4, కరువు పడిన మూడవ ఏడు 9 చనిపోయినవి. మూడవ ఏటి క్లెయిములు 3,60,000, అనగా కట్టిన ప్రీమియములో నూటయాభై శాతము. ఆ ఒక్క ఏడే చూచి, కంపెనీ ఖర్చులకు నూటికి 25 తీసిపెట్టినచో రేటు 6 శాతమునకు పోవును. మూడేండ్లు కలిపి చూచినచో 16 పశువులు, 6,40,000 రూపాయలు, కట్టినది 7,20,000. అదే ఖర్చుతో రేటు 3.56 శాతము దగ్గర నిలుచును. పెంచవలసిన మాట నిజమే, కాని ఆరుకు కాదు. ఎన్నేండ్ల అనుభవము తీసికొన్నారన్నదే అసలు ప్రశ్న. అనంతపురము వంటి చోట ఇది మరీ ముఖ్యము. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ కొన్నేండ్లు మొగము చాటేసే సీమలో ఒక్క చెడ్డ ఏడును ఆధారము చేసికొన్న రేటు న్యాయమైన రేటు కానేరదు. అట్లే ఒక్క మంచి ఏడును చూపి తగ్గించమని మనము అడుగుటయు న్యాయము కాదు.

ఇక ఎవరు చూతురన్న మాట. 1938 బీమా చట్టమునకు 1968లో చేసిన సవరణతో టారిఫ్ సలహా సంఘము ఏర్పడినది. అగ్ని, మోటారు మొదలగు బీమాలకు అది నిర్ణయించిన రేటే దేశమంతట రేటు. 1973 జనవరి 1 నుండి సాధారణ బీమా జాతీయమై నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అను నాలుగు కంపెనీలు మిగిలినవి. పశుబీమా టారిఫ్‌లో లేకున్నను, ఆ నాలుగు కంపెనీలు తమలో తాము ఒప్పందము చేసికొని ఒకే రేటు నడిపినవి. కావున ఆ రోజులలో ఏ బ్రాంచికి పోయినను ఒకటే మాట. 1999 చట్టముతో బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడినది. దాని ప్రధాన కార్యాలయము హైదరాబాదులోనే ఉన్నది. 2007 జనవరి 1 నుండి అగ్ని, ఇంజనీరింగు, మోటారు సొంత నష్టము వంటి బీమాలలో టారిఫ్ రేట్లు ఎత్తివేయబడినవి. మోటారు థర్డ్ పార్టీ రేటు మాత్రము నేటికీ పైనుండి నిర్ణయమగునదే. మన పాల వ్యాన్లకు కట్టునది అదే.

ఇప్పటి పద్ధతిలో కంపెనీయే రేటు కట్టును. కాని ఇష్టము వచ్చినట్లు కాదు. 2006లో ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకముల ప్రకారము పాలసీ అమ్మే ముందే షరతుల నకలు, రేటునకు ఆధారము, యాక్చువరీ, అనగా బీమా గణకుని, ధృవీకరణ దాఖలు చేయవలెను. సంస్థ వాటిని చూచి ప్రశ్నలు వేయును. చూచే తూకము మూడు మాటలలో ఉన్నది. రేటు అతిగా ఉండరాదు, చాలనిదిగా ఉండరాదు, ఒకరికొకరికి అన్యాయమైన తేడా చూపరాదు. రెండవ మాట విని మన సభ్యులు నవ్వుదురు, చవకైతే మనకేమి నష్టమని. చాలని రేటుకు పాలసీ ఇచ్చిన కంపెనీ క్లెయిము దగ్గర కొర్రీలు వేయును, లేదా మరుసటి ఏడు ఆ జిల్లాకే రాదు. ఈ రెండూ చూచినవారమే మేము.

2022 జూన్‌లో ఈ పద్ధతి మారినది. సాధారణ బీమాలో చాలా పాలసీలను కంపెనీ తన సొంత కమిటీ ఆమోదముతో ముందు అమ్మి, తరువాత దాఖలు చేయవచ్చును. 2024 ఏప్రిల్ 1 నుండి వచ్చిన కొత్త నిబంధనలు కూడ ఈ దారినే సాగినవి. దీనిపై మా అభిప్రాయము దాచము. కంపెనీకి సౌకర్యము పెరిగినది, ముందుగా చూచే కన్ను ఒకటి తగ్గినది. కరెంటు చార్జీలు పెంచవలెనన్న విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపును, రైతు పోయి మాట్లాడవచ్చును. అమెరికాలో కాలిఫోర్నియా ప్రజలు 1988లో ఓటు వేసి ఇండ్ల, కార్ల బీమాకు ఇటువంటిదే తెచ్చుకొన్నారు. అక్కడ పెంపు 7 శాతము దాటినచో గడువులోగా విచారణ కోరిన వినియోగదారునకు అది జరిపి తీరవలెను. మన పశుబీమాలో అటువంటి విచారణ లేదు. కావున ఉత్తరము వచ్చినప్పుడు సంఘము అడిగే ప్రశ్నే విచారణ.

సబ్సిడీ పథకములో చేరిన పశువుల మాట వేరు. జాతీయ పశుసంపద మిషన్ 2014-15 మార్గదర్శకములలో సాధారణ ప్రాంతములకు ఏడాదికి 3 శాతము, రెండేండ్లకు 5, మూడేండ్లకు 7.5 అని గరిష్ఠ పరిమితి పెట్టినారు. ఆ లోపల టెండరులో రేటు తేలును. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రిమండలి రైతు వాటాను ప్రీమియములో 15 శాతమునకు తగ్గించినది. మన సంఘము సొంతముగా తీసికొన్న గ్రూపు పాలసీకి ఈ పరిమితి రక్షణ ఉండదు. రెంటినీ కలిపి గందరగోళ పడినవారు పెక్కురు.

రేటుతో పాటు షరతుల మాటలు కూడ దాఖలైనవే అని మరువరాదు. పశుబీమా పాలసీలలో సాధారణముగా అగ్ని, పిడుగు, వరదలతో పాటు కరువు కూడ రక్షణ ఉన్న కారణముగా వ్రాయబడి ఉండును. బుద్ధిపూర్వకమైన నిర్లక్ష్యము మాత్రము మినహాయింపు. వేరుశనగ పంట ఎండి, కట్టె కూడ చేతికి రాక, మేత కొనలేక బక్కచిక్కి చనిపోయిన ఆవు ఏ మాట కిందికి వచ్చును? బ్రాంచిలో ఉన్నవారు నిర్లక్ష్యమందురు. పాలసీ నకలు చేతిలో ఉన్నచో, మండలమును కరువు ప్రాంతముగా ప్రకటించిన ఉత్తరువు, పశువైద్యుని శవపరీక్ష నివేదిక జతచేసి కరువు అన్న మాటను చూపవచ్చును. నకలు లేని సంఘము నోరు మూసికొని రావలసినదే. ప్రతి పాలసీకి ప్రత్యేక గుర్తింపు సంఖ్య, యు.ఐ.ఎన్. ఉండును. దానిని తీర్మానములో వ్రాసికొనవలెను.

మేము తనిఖీ చేసిన ఒక సంఘములో జరిగినది చెప్పెదము. కంపెనీ రేటు పెంచుచు క్లెయిముల పట్టిక పంపినది. సంఘము మరణముల రిజిస్టరుతో చెవిపోగు నెంబర్లు ఒక్కొక్కటే సరిచూడగా, పోగు లేదని కంపెనీయే వ్రాతపూర్వకముగా తిరస్కరించిన రెండు క్లెయిములు చెల్లించవలసిన వాటి వరుసలో ఉన్నవి. ముసలి అధ్యక్షుడు అన్న మాట మాకిప్పటికీ జ్ఞాపకము: "దుడ్డియ్యమంటే ఆ ఎనుము మాది కాదనిరి సార్, రేటు పెంచేకాడ మాత్రం మా ఎనుమే అయిపాయ!" ఉత్తరము వ్రాసిన పిమ్మట ఆ రెండూ తీసివేసి రేటు సవరించినారు. రిజిస్టరు లేకున్న ఆ సంగతి బయటపడేది కాదు.

కావున గడువునకు రెండు నెలల ముందే బ్రాంచికి ఉత్తరము పెట్టుడు. కనీసము మూడేండ్ల ప్రీమియం, చెల్లించిన క్లెయిములు, పెండింగువి, తిరస్కరించినవి వేరువేరుగా, పన్నెండంకెల పోగు నెంబర్లతో కోరుడు. పెంపునకు కారణము, యు.ఐ.ఎన్., పాలసీ పూర్తి నకలు అడుగుడు. బ్రాంచి జవాబు తృప్తిగా లేకున్న కంపెనీ ఫిర్యాదుల అధికారికి, అక్కడా తేలకున్న ప్రాధికార సంస్థవారి బీమా భరోసా ద్వారా వ్రాయవచ్చును. క్లెయిము తగాదా అయినచో, కంపెనీకి వ్రాసి నెల దాటినను జవాబు రాకున్న లేక వచ్చినది నచ్చకున్న, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు పోవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఉత్తరముల నకళ్లు మాత్రము మినిట్సు పుస్తకముతో పాటు భద్రపరచుడు. తనిఖీకి వచ్చినప్పుడు మేము అడుగుదుము.