చేతిపెట్టెలో చీకటి భవనము

విద్యార్థులారా! నవరసములలో భయానకమును గూర్చి మీరు చదివియే యున్నారు. దానికి స్థాయీభావము భయము. భరతముని తన నాట్యశాస్త్రమున ఈ రసమును పుట్టించు విభావములను చెప్పుచు వికృతమైన ధ్వనులను, అరణ్యమును, నిర్జనమైన గృహమును పేర్కొనెను. కాలుసేతులు వణకుట, ఒడలు గగుర్పొడుచుట, మొగము వెలవెలబోవుట, కంఠస్వరము మాఱుట మున్నగునవి అనుభావములు. ఇంతవఱకు వీనికి ఉదాహరణములను మనము కావ్యములందును నాటకములందును వెదకితిమి. ఈ పాఠమున మేము మఱొక తావునుండి, అనగా వీడియో ఆటనుండి, ఒక ఉదాహరణము చూపదలచితిమి.

"వీడియో ఆటకును తెలుగు పాఠమునకును సంబంధమేమి?" అని తల్లిదండ్రులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన పిల్లలకు బడిలో తెలుగు, బజారులో మఱొక భాష, ఆటలో ఇంగ్లీషు. ఆటను గూర్చి తెలుగున మాటాడుట అలవడనిచో, ఆ విషయము ఎన్నటికిని తెలుగునకు వెలుపలనే నిలిచిపోవును. భాష పద్యములు వల్లించినంత మాత్రమున బ్రదుకదు. నేటి వస్తువును గూర్చి నేటి బాలుడు ఆ భాషలో ఆలోచింపగలిగిననే అది బ్రదుకును. కావున ఈ ప్రయత్నము.

1. మూలకృతి

జపానుదేశమందలి కాప్‌కామ్ అను సంస్థ 1996వ సంవత్సరము మార్చి 22వ తేదీన ప్లేస్టేషన్ యంత్రమునకై ఒక ఆటను వెలువరించెను. జపానులో దాని పేరు 'బయోహజార్డ్'. ఇతర దేశములలో 'రెసిడెంట్ ఈవిల్'. దర్శకుడు షింజి మికామి. అదే సంస్థ 1989లో వెలువరించిన 'స్వీట్ హోమ్' అను ఆట దీనికి ప్రేరణ. అదియు ఒక పాడుబడిన భవనమున చిక్కుకొన్నవారి కథయే.

కథాస్థలము రకూన్ సిటీ అను కల్పిత అమెరికా నగరము; కాలము 1998 జూలై. ఊరి వెలుపలి అడవిలో వింత హత్యలు జరుగుచుండగా విచారింపబోయిన పోలీసు దళమును క్రూరమైన కుక్కలు తఱుమును. వారు పరుగెత్తి అడవినడుమ నున్న ఒక పెద్ద భవనమున దూరుదురు. క్రిస్ రెడ్‌ఫీల్డ్, జిల్ వాలెంటైన్ అను నిరువురిలో ఒకరిని ఆటగాడు తన పాత్రగా ఎన్నుకొనవలెను. అంబ్రెల్లా అను ఔషధ సంస్థ రహస్యముగా జరిపిన పరిశోధనలో పుట్టిన వైరసు వలన మనుష్యులు నడచు శవములైరని క్రమముగా తెలియవచ్చును.

అడవి, నిర్జన గృహము, తలుపు వెనుకనుండి వచ్చు వికృతధ్వని - భరతముని చెప్పిన విభావములు మూడును ఇందు గలవు. ఆ జపానువారు నాట్యశాస్త్రము చదివిరని మేము చెప్పుట లేదు. మానవహృదయము ఎక్కడనైనను ఒకే విధముగా భయపడునని చెప్పుచున్నాము.

2. భయమునకు మూలము కొఱత

ఈ ఆటలో భయము శవముల రూపమువలన పుట్టినదానికంటె కొఱతవలన పుట్టినదే యెక్కువ. తుపాకి గుండ్లు కొద్ది. క్రిస్ ఆఱు వస్తువులను మాత్రమే వెంట మోయగలడు; జిల్ ఎనిమిదింటిని మోయగలదు. తాళపుచెవిని తీసికొనవలెనా, మందును తీసికొనవలెనా యని ప్రతిసారి ఆలోచింపవలసినదే. అంతవఱకు ఆడిన ఆటను భద్రపఱచుకొనుటకు టైపు యంత్రమును వెదకి, దానిలో సిరా రిబ్బను పెట్టవలెను. రిబ్బనులును లెక్కకు మించి దొరకవు. ఎదుటి శత్రువును చంపుటయా, తప్పించుకొని పోవుటయా యను విచారణ ఇట్లు ప్రతి గదిలోను కలుగును. ఇట్టి ఆటలకు 'సర్వైవల్ హారర్' అను పేరు ఈ ఆటనుండియే వ్యాప్తికి వచ్చినది. తెలుగున 'బ్రతికి బయటపడు భయానక క్రీడ' యనవచ్చును.

రెండవ కారణము యంత్రపు బలహీనత. సామానుతో నిండిన గదిని అప్పటికప్పుడు త్రిపరిమాణముగా చిత్రించు శక్తి ఆనాటి యంత్రమునకు చాలదు. కావున గదులను ముందుగనే నిశ్చల చిత్రములుగా చేసియుంచి, వానిపై మనుష్యులను, శవములను మాత్రమే కదలునట్లు చేసిరి. అందుచేత చూచు కోణము స్థిరము. గది మూలనుండి చూచుచున్న మనకు మలుపు ఆవల నేమున్నదో కనబడదు. అడుగుల చప్పుడు మాత్రము వినబడును. తరువాతి గదిని డిస్కునుండి చదువుకొనుటకు యంత్రమునకు కొంత కాలము పట్టును. ఆ విరామమున చీకటిలో ఒక తలుపు మెల్లగా తెఱచుకొనుచున్నట్లు చూపిరి. అది నిరీక్షణమే, కాని ఆ నిరీక్షణమునందే గుండె దడదడలాడును. యంత్రమునందలి లోపమే రసమునకు పోషకమైనది.

3. చిన్న పెట్టెలోనికి

ఇట్టి కృతిని చేతిలో పట్టుకొని ఆడు చిన్న యంత్రములోనికి తెచ్చుట యెట్లు? మూడు ప్రయత్నములు జరిగినవి.

మొదటిది గేమ్ బాయ్ కలర్ అను యంత్రమునకై హాట్‌జెన్ అను బ్రిటిష్ సంస్థ చేసినది. 1999లో దీనిని ప్రకటించిరి. ఆ తెఱపై అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు. అనగా మొత్తము 23,040. ప్లేస్టేషన్ ఆటలోని గది చిత్రమునకు 320, 240 చొప్పున 76,800. మూడవవంతు కూడ లేని తెఱపై, ఎనిమిది బిట్ల యంత్రముతో, ఆ గదులన్నింటిని ఆ కోణములన్నింటితోను చూపబూనిరి. 2000వ సంవత్సరమున కాప్‌కామ్, తయారైనది తృప్తికరముగా లేదను కారణమున ఆ పనిని విరమింపజేసెను.

రెండవది 2001లో అదే చిన్న యంత్రమునకు వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ గైడెన్'. ఇది మూలకథ కాదు. ఓడలో జరుగు వేఱు కథ. పైనుండి చూచునట్లుగా స్థలమును చిత్రించిరి. పోరాటమున అటునిటు కదలు గుఱి శత్రువునకు సరిగా వచ్చిన క్షణమున మీట నొక్కవలెను. ఇది యంత్రపు శక్తికి తగిన స్వతంత్ర రచన.

మూడవది నింటెండో డి.ఎస్. అను యంత్రమునకు 2006లో, మూలకృతి దశమ వార్షికోత్సవ సందర్భమున, కాప్‌కామ్ తెచ్చిన 'రెసిడెంట్ ఈవిల్: డెడ్లీ సైలెన్స్'. 2004లో వెలువడిన ఆ యంత్రమునకు రెండు తెఱలు. ఒక్కొక్కటి 256, 192 చుక్కలు గలది. క్రింది తెఱను పుల్లతో తాకి ఆడవచ్చును. మైకు కూడ గలదు. ఈ ఆటలో రెండు విధములు గలవు. 'క్లాసిక్' అనునది మూలమునకు సన్నిహితము. 'రీబర్త్' అనుదానిలో శత్రువులు అధికులు. తెఱను తాకి విప్పవలసిన చిక్కుముడులు క్రొత్తవి. శత్రువు మీదికి వచ్చినప్పుడు పుల్లతో తెఱపై గీచి కత్తివ్రేటు వేయవలసిన ఘట్టములు గలవు. పై తెఱ పటమును చూపును. కత్తికి ప్రత్యేకముగా ఒక మీట నిచ్చిరి. ఒక్కసారిగా వెనుకకు తిరుగు సదుపాయము కల్పించిరి. తలుపు తెఱచుకొను దృశ్యమును దాటవేయుటకును అవకాశ మొసగిరి. నలుగురు కలసి ఆడు పద్ధతిని కూడ చేర్చిరి.

4. ఏది నిలుపవలెను, ఏది విడువవలెను?

ఇచ్చట మీరు అనువాదమును స్మరింపుడు. తిక్కన సోమయాజి భీష్మపర్వమున భగవద్గీతను ఎంతో సంగ్రహించెను. ఏడువందల శ్లోకములను యథాతథముగా పెట్టినచో కథాగమనము కుంటుపడును. తాను వ్రాయునది కథాకావ్యమని యాతడు మఱువలేదు. సంగ్రహించుటకు సాహసము కావలెను. దేనిని సంగ్రహింపరాదో తెలిసిన వివేకమును కావలెను.

మా యభిప్రాయమున మొదటి ప్రయత్నము చిత్రమును కాపాడబోయినది. మూడవది కొఱతను కాపాడినది. తెఱ చిన్నదైనను గుండ్లు తక్కువగనే యుండెను, రిబ్బను వెదకవలసియే యుండెను. అందుచేత భయము కూడ నిలిచెను. అయినను లాభముతో పాటు నష్టమును కలిగినది. పటము నిత్యము ఎదుట నున్నచో దారి తప్పుదునను భయము తగ్గును. తలుపు దాటవేసినచో కాలము మిగులును, దడ తగ్గును. కత్తిపోరు వినోదమే గాని, దాని వేగము భయానకమునుండి వీరమునకు జాఱుచున్నది.

తల్లిదండ్రులకు ఒక మాట. అమెరికాలో ఈ ఆటకు 'ఎమ్' అను గుర్తు, అనగా పదునేడేండ్లు నిండినవారికి మాత్రమే తగినదను నిర్ణయము, ఇచ్చియున్నారు. రక్తపాతము గలదు. ఈ పాఠము దానిని ఆడుమని పిల్లలకు చేయు ప్రోత్సాహము కాదు. ఏ ఆటకేని వయోనిర్ణయమును చూచి, పిల్లవానితో దానిని గూర్చి ఇంట తెలుగున మాటాడుట మంచిది.

విద్యార్థులారా! మన భాషయు ఈ ప్రాంతమున చిన్న పెట్టెలోనే యున్నది. వారమునకు లభించు పాఠములు కొన్ని, దొరకు పుస్తకములు కొన్ని. అన్నిటిని ఇఱికింపజూచినచో ఏదియు స్పష్టముగా కనబడదు. చదువుట, వ్రాయుట, ఆలోచించుట, ఇంట పెద్దలతో మాటాడుట అను నాలుగు మాత్రము విడువరానివి. వీనిని నిలుపుకొన్నచో తక్కినది పెద్ద తెఱ దొరకిన నాడు చేరగలదు.

అభ్యాసము

1. భయానకరసమునకు విభావములుగా భరతముని చెప్పినవానిలో ఈ ఆటయందు కనబడునవి ఏవి?
2. యంత్రపు లోపము రసమునకు పోషకమైన రెండు సందర్భములను వివరింపుడు.
3. తలుపు దృశ్యమును దాటవేయ నిచ్చుట మేలా, కీడా? మీ యభిప్రాయమును కారణములతో వ్రాయుడు.
4. మీరు చదివిన ఒక పెద్ద కథను ఒక పుటకు సంగ్రహింపుడు. ఏమి విడిచితిరో, ఏల విడిచితిరో క్రింద వ్రాయుడు.
5. మీకు తెలిసిన ఒక ఆటను, తెలుగు రాయగలిగిన మీ అవ్వకో తాతకో అర్థమగునట్లు, లేఖారూపమున తెలుపుడు.