పెరటి మందారం

తెలుగువారి పెరళ్లలో తులసికోట తరువాత తరచుగా కనిపించే మొక్క మందారం. ఉదయం విచ్చుకొని సాయంకాలానికి ముడుచుకొనిపోయే ఆ పువ్వు ఆయుష్షు సాధారణంగా ఒక్క పగలే. సంస్కృతంలో దీనిని జపాకుసుమమని, కొన్ని ప్రాంతాలలో దాసాని అని అంటారు. పురాణాలలోని మందారం వేరు. అది పారిజాతం, సంతానం, కల్పవృక్షం, హరిచందనాలతో కూడిన అయిదు దేవతరువులలో ఒకటి. పేరు కలిసినంత మాత్రాన పెరటి మొక్కకు ఆ మహిమను అంటగట్టనక్కరలేదు.

1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు దీని శాస్త్రీయ నామంలో 'చైనా గులాబి' అనే అర్థాన్ని చేర్చాడు. గులాబితో దీనికి చుట్టరికమే లేదు. బెండ, పత్తి, గోంగూర దీని దాయాదులు. బెండపూవును పక్కన పెట్టి చూస్తే ఆ పోలిక తెలుస్తుంది.

మందారాన్ని నాటడానికి వానకాలం అనువైనది. పెన్సిలు మందం గల కొమ్మను జానెడు పొడవున కోసి, కింది ఆకులు తుంచి, రెండు కణుపులు ఇసుక కలిసిన మట్టిలో మునిగేటట్లు గుచ్చాలి. నెలా నెలన్నరలో వేళ్లు దిగుతాయి. వేరు పట్టిందో లేదోనని రోజూ పెరికి చూసేవారి చేతిలో ఏ కొమ్మా బ్రతకదు. మొగ్గలు కొత్త చిగుళ్లకే వస్తాయి కనుక, కత్తిరించడానికి జంకరాదు. పిండినల్లి పట్టినప్పుడు పలుచని సబ్బునీరు చల్లితే తగ్గుతుంది.

ఎర్రమందారం రేకులు తినదగినవి. వాటికి గోంగూర పులుపు ఉండదు, కొద్దిపాటి జిగురు ఉంటుంది. తొడిమను, నడిమి కేసరాల కాడను తీసివేసి, రేకులను మరిగిన నీటిలో వేస్తే నీరు ఊదారంగుకు తిరుగుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం పడగానే ఎర్రబారుతుంది. రేకులలోని ఆంథోసయనిన్ అనే వర్ణకం ఆమ్లం తగిలి రంగు మార్చడమే ఇందుకు కారణం. అయితే గర్భిణులు దీనిని తీసుకోకపోవడం మంచిది.

నర్సరీలో కొన్న మొక్క పువ్వులను వెంటనే తినరాదు. అలంకారపు మొక్కలపై చల్లే పురుగుమందులు తిండిని దృష్టిలో ఉంచుకొని చల్లేవి కావు. అంతకంటే పెద్ద ప్రమాదం పక్కనే ఎర్రగా పూసే గన్నేరు. దాని ఆకు, పువ్వు, వేరు అన్నీ విషమే. ఆ విషం గుండె లయను చెరుపుతుంది. మందారపు ఆకు వెడల్పుగా, రంపపు అంచుతో ఉంటుంది. గన్నేరు ఆకు సన్నగా, పొడవుగా, నున్నని అంచుతో ఉంటుంది. పూలు కోసే పిల్లలకు ముందుగా చూపవలసినది పువ్వును కాదు, ఆకును.