లారీ చోదకుల పనిగంటలు: చట్టము, నమోదు

ధర్మవరపు పట్టుచీరలను, పెనుకొండ చెంతనున్న కియా కర్మాగారపు కార్లను మోసికొని 44వ జాతీయ రహదారిపై రేయింబవళ్లు సాగు లారీల చోదకులకు విశ్రాంతి యెంత యావశ్యకమో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము అంకెలలోనే నిర్దేశించినది. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి పని చేయింపరాదనియు, దూరమార్గములందు అధికారి యనుమతితో 10, 54 గంటల వరకే పొడిగింపవచ్చుననియు, 5 గంటల పనికి మించకుండ అరగంట విరామమును, ఒకనాటి పనికిని మరునాటి పనికిని నడుమ సాధారణముగా ఎడతెగని 9 గంటల విశ్రాంతిని ఒసగవలెననియు విధించిన యీ చట్టము, ఐదుగురు లేక అంతకెక్కువ కార్మికులుగల సంస్థలకే వర్తించెడిది. ఒకటి రెండు లారీల యజమానుల కడ శ్రమించువారిని విడిచిన యీ కొరత చిన్నది కాదు.

దానిని 1988 నాటి మోటారు వాహనాల చట్టపు 91వ సెక్షను పూరించి, ఆ పనిగంటలనే రవాణా వాహనములు నడుపువారందరికిని అన్వయింపజేసి, వానిని ముందుగా నిర్ణయింపజేసి నమోదు చేయించు నధికారమును రాష్ట్రప్రభుత్వమున కొసగెను. పరీక్షలు వ్రాయువారికి కీలకమైన దీ సెక్షనే.

పోలికకు చూచినచో, అమెరికాలో సరకు లారీ చోదకుడు 10 గంటల విశ్రాంతి పిమ్మట 14 గంటల వ్యవధిలో 11 గంటలకు మించి నడుపరాదు. 2017 డిసెంబరు నుండి ఆ లెక్కను ఎలక్ట్రానిక్ పరికరమే వ్రాయుచున్నది.

మరల మన దేశమునకు వచ్చినచో, 2020 నాటి వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో విలీనమైన 13 చట్టములలో 1961 చట్టమొకటియని అభ్యర్థులు గుర్తుంచుకొనవలెను.